పాతికేళ్ళు దాటిన బుల్లెట్ మీద శ్రీశైలం, గండికోట ప్రయాణం: బండిని ఎంతవరకు నమ్మవచ్చు?

మూసీతీరం, హైదరాబాదు

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1998లో కొన్న బుల్లెట్ స్టాండర్డ్ 350 ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇనుప ఇంజను, కుడికాలి గేరు, పాయింట్ల ఇగ్నిషన్ (పాయింట్లనే చిన్న స్విచ్చు తెరుచుకుంటూ మూసుకుంటూ ప్లగ్గుకు నిప్పురవ్వ ఇప్పించే పాత పద్ధతి), ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. పదిహేనేళ్ళు నిండినప్పటి నుంచి ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరిస్తూనే ఉన్నాము కనుక కాగితాల ఇబ్బంది లేదు. ఈ కార్తీకంలో మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళి, అక్కడి నుంచి దోర్నాల, ఆత్మకూరు, నంద్యాల, ఆళ్ళగడ్డ దారిలో అహోబిలం చేరి, గండికోట చూసి కర్నూలు మీదుగా తిరిగి రావాలని నా కోరిక.

సమస్య ఏమిటంటే, నగరంలో ఎంత తిరిగినా ఈ బండి ఏ పేచీ పెట్టదు. హైవే ఎక్కి సుమారు గంటసేపు ఒకే వేగంతో నడిపితే మాత్రం పెట్రోలు అయిపోయినట్టుగా ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. పావుగంట నీడన నిలబెడితే ఒక్క కిక్కుకే మళ్ళీ లేస్తుంది. మా వీధిలోని మెకానిక్కు ప్లగ్గు మార్చి, కార్బురేటరు విప్పి శుభ్రం చేసినా మార్పు రాలేదు. దీనికి కారణం ఏమై ఉంటుంది? అది దొరికి సరిచేసినా, ఇంత వయసున్న బండిని నమ్మి నల్లమల అడవిలోకి వెళ్ళడం సబబేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

బురుజు దగ్గర షెడ్డు, కర్నూలు

మూసీతీరం గారూ, మాది మా నాన్నగారి కాలం నుంచీ బుల్లెట్ల షెడ్డే కాబట్టి ఈ లక్షణం నాకు బాగా పరిచయం. ఇటువంటప్పుడు అనుమానించవలసినవి ముఖ్యంగా మూడు: పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం, కండెన్సరు (పాయింట్ల దగ్గర మెరుపులు రాకుండా ఆపే చిన్న భాగం), ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకు కావలసిన బలమైన కరెంటును తయారుచేసేది). ఒకదాని తరువాత ఒకటి మార్చుకుంటూ పోతే ఏదో ఒకరోజు బండి బాగుపడవచ్చు గాని, అది దేనివల్ల బాగుపడిందో మీకూ తెలియదు, మార్చినవారికీ తెలియదు. కారణం తెలియకుండా బాగుపడిన బండిని నేను దూరప్రయాణానికి పంపను. ఆగిన మొదటి రెండు నిమిషాల్లో చూస్తేనే నిజం బయటపడుతుంది. చల్లారాక షెడ్డుకు తెస్తే అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి.

అందువల్ల మరొకసారి కావాలనే హైవే మీదికి తీసుకెళ్ళండి. బండి ఆగగానే ఇంకేదీ ముట్టుకోకుండా ముందు ట్యాంకు మూత తెరవండి. గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వినిపించి, ఆ వెంటనే బండి స్టార్టయితే దోషం మూతదే. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటులోకి గాలి చేరాలి. రంధ్రం మూసుకుపోతే లోపల గాలి పలచబడి పెట్రోలును కిందికి దిగనివ్వదు. నగరంలో నిమిషానికి ఖర్చయ్యే పెట్రోలు తక్కువ, మధ్యలో ఆగుతూ ఉంటాము కూడా, కాబట్టి సందుల్లోంచి దూరే కొద్దిపాటి గాలి సరిపోతుంది. హైవే మీద అది చాలదు. పావుగంట ఆగితే గాలి మెల్లగా చేరుకుంటుంది కనుక, చల్లారడం వల్లనే బండి బాగుపడిందని అందరూ పొరబడతారు.

శబ్దం రాకపోతే మీ హెడ్‌లైటు పైనున్న ఆమ్‌మీటరు (బ్యాటరీ కరెంటు రాకపోకలు చూపే మీటరు) సహాయం చేస్తుంది. లైట్లు ఆపి, తాళం తిప్పి, కిక్కును చేత్తో నెమ్మదిగా నొక్కుతూ ముల్లును గమనించండి. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు ఎడమకు వాలాలి, తెరుచుకున్నప్పుడు మధ్యకు రావాలి. ముల్లు కదలకపోతే పాయింట్లకు మురికి పట్టి ఉండవచ్చు లేదా తీగ తెగి ఉండవచ్చు. ముల్లు సరిగా ఆడుతూ, ప్లగ్గు విప్పి హెడ్డుకు ఆనించి చూసినప్పుడు సన్నని పసుపు రంగు నిప్పురవ్వ మాత్రమే వస్తుంటే కండెన్సరును గాని కాయిల్‌ను గాని అనుమానించాలి. పాయింట్ల మధ్యనే పెద్దగా మెరుపులు కనిపిస్తే అది కండెన్సరే. ఈ పరీక్షకు ఒక ప్లగ్గు స్పానరు తప్ప మరేమీ అక్కర్లేదు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం మొదటిది తేలాక చెబుతాను.

బెజవాడ ప్రయాణికురాలు, విజయవాడ

నా దగ్గర ఉన్నది బుల్లెట్ కాదు, 2004 నాటి స్ప్లెండర్ ప్లస్. అయినా ఈ చర్చలో చెప్పదగిన మాట నాకొకటి ఉన్నది. చలికాలంలో నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటు ఎక్కి చింతపల్లి దాకా దానిమీద వెళ్ళివస్తుంటాను. తెల్లవారుజామున చోక్ లాగి కొంతసేపు ఓపిక పట్టడం తప్ప ఇంకే కష్టమూ ఉండదు. నేను దానిని నమ్మడానికి ఇంజను గట్టితనం ఒక్కటే కారణం కాదు. దాని క్లచ్ తీగ, ప్లగ్గు, ట్యూబు, చైన్ లాకు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి, అది విప్పడం తెలిసిన కుర్రవాడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. బండి చెడిపోతుందా అన్న ప్రశ్న కంటే, చెడిపోయిన చోటి నుంచి ఎంత దూరంలో దాని సామాను దొరుకుతుందన్న ప్రశ్న నాకు ముఖ్యంగా తోస్తుంది.

ఇనుప ఇంజను బుల్లెట్ తయారీ 2010 ప్రాంతంలోనే ఆగిపోయింది. పెద్ద పట్టణాల్లో సామాను దొరకవచ్చు గాని, నల్లమల అడవిలో వటవర్లపల్లి దగ్గర కండెన్సరు పోతే ఏం చేస్తారు? అందువల్ల మూసీతీరం గారు దారిలో దొరకని వస్తువులన్నీ వెంట తీసుకెళ్ళాలి, వాటిని మార్చడం కూడా ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. సంచిలో విడిభాగం ఉండి, మార్చడం రాకపోతే అది కేవలం బరువే.

సింహాచలం రోడ్డు, విశాఖపట్నం

ఇప్పటిదాకా అందరూ బండి ఆగిపోవడం గురించే మాట్లాడారు. నన్ను కలవరపెడుతున్నది అది ఆగకపోవడం. ఇంజను ఆగిపోతే పోయేది ఒక పూట. బ్రేకు పట్టకపోతే పోయేది మనిషి.

మన ముందు వెళ్ళే వాహనాలు ఇప్పుడు మారిపోయాయి. 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది, కార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి ఆగగలిగినంత దగ్గరలో పాత డ్రమ్ము బ్రేకుల బండి ఆగదు, కాబట్టి ముందునుంచే దూరం పెంచుకోవడం ఒక్కటే మార్గం. బ్రేకు షూలు అరగకపోయినంత మాత్రాన మంచివని అనుకోకండి. ఏళ్ళ తరబడి ఉన్న లైనర్లు జిగురు వదిలి షూ నుంచి ఊడిపోతాయి, అలా ఊడిన ముక్క చక్రాన్ని పట్టేస్తుంది. చక్రాలు విప్పించి లైనర్లు, బేరింగులు కళ్ళారా చూడండి, స్పోకులు ఒక్కొక్కటి వేలితో మీటి వదులైనవి బిగింపించండి.

టైరుకు గాట్లు ఎంత లోతుగా ఉన్నా వయసు చూడాలి. పక్కభాగం మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఎండకూ నిలవకూ రబ్బరు గట్టిపడి పగుళ్ళు వచ్చిన టైరుతో ఘాటు దిగడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. పైగా మీవి ట్యూబు టైర్లు. మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, ట్యూబులెస్ టైర్లకు వాడే పంచరు పుల్లలు వీటికి పనికిరావు. ఒక ట్యూబు, టైరు లివర్లు, చేతిపంపు తప్పనిసరిగా ఉండాలి.

మరొక ప్రశ్న అడగనివ్వండి. మీరు రోజూ నడిపే బండి ఏది? ఎడమకాలి గేరుకు అలవాటుపడినవారు హఠాత్తుగా ఆవు అడ్డం వచ్చినప్పుడు కుడికాలు బలంగా తొక్కుతారు. మీ బుల్లెట్‌కు కుడివైపు ఉన్నది బ్రేకు కాదు, గేరు. మామూలు వేళ గుర్తుండేది ఆపద వేళ గుర్తుండదు. ప్రయాణానికి ముందు కొన్ని వారాలు ఈ బండి తప్ప మరేదీ నడపకండి.

మూసీతీరం, హైదరాబాదు

అందరికీ కృతజ్ఞతలు. షెడ్డు గారు చెప్పినట్టే సాగర్ రోడ్డు పట్టుకుని వెళ్ళాను. ఇబ్రహీంపట్నం దాటి చాలాదూరం వెళ్ళాక బండి మామూలుగానే ఆగింది. మూత తెరవగానే లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం స్పష్టంగా వినిపించింది, ఒక్క కిక్కుకే స్టార్టయింది. మూత కొద్దిగా వదులుగా పెట్టి అలాగే మరో గంట నడిపితే ఒక్కసారి కూడా ఆగలేదు. పాత మూత తాళంచెవి పోయినప్పుడు నాన్నగారు ఒక దుకాణంలో కొత్త మూత వేయించారట. దాని లోపలి రబ్బరు వాషరు గాలి రంధ్రాన్ని పూర్తిగా కప్పేసి ఉన్నది. వాషరును సరిగా కోయించి బిగించాను. సింహాచలం రోడ్డు గారి ప్రశ్నకు జవాబు: రోజూ ఆఫీసుకు స్కూటరు మీద వెళ్తాను, దానికి కాలి బ్రేకూ గేరూ రెండూ లేవు. మీ హెచ్చరిక వృథా కాదు.

బురుజు దగ్గర షెడ్డు, కర్నూలు

సంతోషం. ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఈ ఇంజను తక్కువ వేగంలో బలం ఇవ్వడానికి తయారైనది. గంటకు అరవై, అరవై ఐదు కిలోమీటర్ల మధ్య దానిని రోజంతా నడపవచ్చు. ఎనభై దాటించి గంటలకొద్దీ లాగితే ఎంత బాగుచేసిన ఇంజనైనా పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, అప్పుడు నింద బండి మీద వేయడం న్యాయం కాదు. కాబట్టి, ఈ వేగానికి మీరు సిద్ధపడితే వయసు అడ్డు కాదన్నదే నా ఉద్దేశం. అడ్డు వచ్చేది చరిత్ర తెలియకపోవడం. కండెన్సరు ఎప్పుడు మార్చారు? క్లచ్ తీగ ఎన్నేళ్ళది? గేరుబాక్సు నూనె, ప్రైమరీ చైను (ఇంజను నుంచి క్లచ్‌కు బలం చేర్చే చైను) నూనె వేరువేరుగా ఉంటాయి కదా, అవి చివరిసారి ఎవరు చూశారు? వీటికి జవాబు లేకపోతే ఆ భాగం బాగున్నా సరే మార్చి, తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. తీసిన పాత తీగలు పారేయకండి. పనిచేస్తున్నవే కాబట్టి అవే మీ సంచిలో విడిభాగాలవుతాయి.

పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింటుకు ఉండే ఫైబరు మడమ అరిగేకొద్దీ సందు తగ్గి, మంట ఆలస్యమై, ఇంజను వేడెక్కుతుంది. టాపెట్లు (వాల్వుల సందు సరిచేసే చోటు) పూర్తిగా చల్లారిన ఇంజను మీదే చూడాలి: పుష్‌రాడ్లు, అంటే వాల్వులను ఆడించే కడ్డీలు, వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఇంజను మెల్లగా నడుస్తుండగా రాకర్ల (వాల్వులను నొక్కే మీటల) దగ్గరకు వెళ్ళే సన్నని నూనె గొట్టం బోల్టును కొద్దిగా వదులు చేస్తే నూనె ఊరాలి. ఊరకపోతే బండి గేటు దాటకూడదు.

పాత ఇనుము, సికింద్రాబాదు

ఇంత శ్రమ ఎందుకు? పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించుకుంటే సందు కొలిచే పనే ఉండదు. నేను నా 1994 బండికి వేయించాను, తక్కువ వేగంలో కూడా ఇంజను నిలకడగా కొట్టుకుంటున్నది.

బురుజు దగ్గర షెడ్డు, కర్నూలు

పాత ఇనుము గారూ, రోజువారీ వాడకానికి మీ మాట ఒప్పుకుంటాను. అడవి దారికి మాత్రం ఒప్పుకోలేను. పాయింట్లు చెడిపోయే ముందు చెబుతాయి: కిక్కులు పెరుగుతాయి, సైలెన్సరులో చప్పుళ్ళు మొదలవుతాయి. ఉప్పుకాగితం ముక్కతో రుద్ది పక్క ఊరిదాకా చేరవచ్చు. ఎలక్ట్రానిక్ పెట్టె చెప్పాపెట్టకుండా పోతుంది, పోయాక రోడ్డు పక్కన చేయగలిగింది ఏమీ లేదు. మీరు వేయించుకున్నా సరే, పాయింట్ల ప్లేటు, కండెన్సరు సంచిలో ఉంచుకోండి.

పాత ఇనుము, సికింద్రాబాదు

ఆ మాట సమంజసంగా ఉన్నది. పాత ప్లేటు ఇంట్లోనే ఉన్నది, ఇకపై వెంట ఉంచుకుంటాను.

కాకినాడ కెమిస్టు, కాకినాడ

ఎవరూ పెట్రోలు ప్రస్తావన తేలేదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో కొన్ని బంకుల్లో మొదలై 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. 1998 నాటి కార్బురేటరులోని రబ్బరు ఓ రింగులు, పెట్రోలు గొట్టం దానిని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని పెళుసుబారి పగులుతాయి. వేడి ఇంజను పైన పెట్రోలు కారడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. గొట్టాన్నీ ఓ రింగులనూ కొత్తవి వేయించి, ట్యాంకుకూ కార్బురేటరుకూ మధ్య ఒక ఫిల్టరు పెట్టించండి.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో (కార్బురేటరులో పెట్రోలు కొలతగా వెళ్ళే రంధ్రంతో) గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమంలో పెట్రోలు పాలు కొంత తగ్గుతుంది. హైవే వేగంలో కొంతదూరం నడిపి, ఆపి, ప్లగ్గు చూడండి. ఇటుక రంగులో ఉంటే మంచిది, తెల్లబడి ఉంటే మెయిన్ జెట్టు ఒక మెట్టు పెంచాలి. మైలేజీ కొంత తగ్గుతుంది, కాబట్టి రిజర్వు పడే దూరాన్ని నాన్నగారి కాలపు లెక్కతో అంచనా వేయకండి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో నిలిచిన పెట్రోలుతో మాత్రం బయలుదేరవద్దు.

మూసీతీరం, హైదరాబాదు

మీరు చెప్పినవన్నీ చేయించాను: కొత్త టైర్లు, బ్రేకు లైనర్లు, తీగలు, కండెన్సరు, పెట్రోలు గొట్టం, ఓ రింగులు. ఆ తరువాత పరీక్షగా నాగార్జునసాగర్ దాకా వెళ్ళి అదేరోజు తిరిగి వచ్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు, ప్లగ్గు ఇటుక రంగులోనే ఉన్నది. రెండు సంగతులు మాత్రం గమనించాను. వెనక మడ్‌గార్డు నట్టు ఒకటి అదురుకు ఊడి ఎక్కడో పడిపోయింది. రెండోది, వారం రోజులు కదపకుండా ఉంచి తరువాత నూనె కొలత పుల్ల తీసి చూస్తే దాదాపు పొడిగా ఉన్నది, స్టార్టు చేస్తే విపరీతంగా తెల్లని పొగ వచ్చింది. ఇంజను నూనె తాగుతున్నదేమోనని నాకు భయంగా ఉన్నది.

బురుజు దగ్గర షెడ్డు, కర్నూలు

భయపడకండి, నూనె మాత్రం వెంటనే పోయకండి. మీ బండిలో నూనె నిలవ ఉండే గది వేరు, క్రాంకు తిరిగే గది వేరు. ఎక్కువ రోజులు నిలబెడితే అరిగిన పంపుల సందుల గుండా నూనె క్రాంకు గదిలోకి దిగిపోతుంది, పుల్ల మీద కనిపించదు. ఐదు నిమిషాలు నడిపితే పంపు దానిని తిరిగి పైకి తోడుతుంది, పొగ కూడా ఆగుతుంది. ఆ తరువాత చూసిన కొలతే నిజమైన కొలత. ముందే పోస్తే మోతాదు మించి ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదరు గొట్టం నుంచి కక్కుతుంది. ప్రయాణంలో రోజూ సాయంత్రం బండి ఆపిన వెంటనే చూడండి. ఒక రోజు నడకకు పుల్ల మీద కొద్దిగా తగ్గితే ఈ వయసు ఇంజనుకు అది సహజమే.

నట్లకు లోపల నైలాను ఉన్నవి వేయించి, బిగించాక నట్టు మీదుగా బోల్టు దాకా పెయింటుతో ఒక గీత గీయండి. గీత చెదిరితే నట్టు కదిలినట్టే, ఉదయాన్నే ఒక చూపులో తెలిసిపోతుంది. చైన్ లాకు మూసి ఉన్న వైపు చైను నడిచే దిశకు ఉండాలన్నది కూడా చూసుకోండి. తిరగేసి వేస్తే ఊడిపోతుంది.

నా వరకు నేను ఇక ఈ బండిని పంపుతాను.

సింహాచలం రోడ్డు, విశాఖపట్నం

నేను కూడా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను, ఒక్క షరతు మీద: చీకటి పడ్డాక నడపవద్దు. ఆ హెడ్‌లైటు వెలుతురు ఎదుటి వాహనానికి మీరున్నట్టు తెలియజేయడానికే తప్ప మీకు గుంట చూపించడానికి చాలదు.

అమ్రాబాద్ వాసి, అచ్చంపేట

మా ప్రాంతానికి వస్తున్నారు కాబట్టి దారి వివరం నేను చెబుతాను. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను వదలరు. దోర్నాల వైపు అడవి దారికీ రాత్రి వేళ అదే నిబంధన. మీరు తెల్లవారాక హైదరాబాదులో బయలుదేరి, డిండి దగ్గర ఆగి ఇంజనుకు విశ్రాంతినిచ్చి, అడవిలోకి ప్రవేశించే ముందే ట్యాంకు నింపుకుంటే మధ్యాహ్నానికి శ్రీశైలంలో ఉంటారు. ఫరహాబాదు నుంచి దోమలపెంట దాకా చాలా చోట్ల ఫోను సిగ్నలు ఉండదు, కాబట్టి మన్ననూరులోనే ఇంటికి ఫోను చేసి చెప్పండి. దోమలపెంట దాటాక డ్యాము వైపు దిగే మలుపుల్లో రెండో గేరులోనే ఉండండి, బ్రేకు పట్టి ఉంచకుండా విడతలు విడతలుగా నొక్కండి. డ్యాము దాటి సున్నిపెంట ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కినట్టు తోస్తే ఊళ్ళో కాసేపు ఆగవచ్చు, అక్కడ మెకానిక్కులు ఉన్నారు. కార్తీక సోమవారాల్లో బస్సులు, కార్లు బారులు తీరి క్లచ్ మీదే కాలం గడుస్తుంది. మీ బండికి అది మంచిది కాదు. బుధవారం గాని గురువారం గాని రండి.